అనాటమీ బల్ల మీదికి శవం ఏ దారిన వచ్చేది?

గుత్తికోట

గుత్తి కోట కింద దొరల సమాధుల దగ్గరికి పోతే మన్రో ముచ్చట రాకుండా ఉండదు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయినాడు, గుత్తికి తెచ్చి పూడ్చినారు, 1831లో బొంద తవ్వి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తీసుకుపోయినారు. ఆయన పుట్టింది గ్లాస్గోలో. సరిగ్గా ఆ నాలుగేళ్లలోనే ఆయన సొంత దేశంలో బొందలు తవ్వే పని ఇంకో రకంగా జరుగుతాండె. రాత్రిపూట, దుడ్ల కోసం, డాక్టర్లకు అమ్మేదానికి.

ఆ వ్యాపారం ఎట్ల నడిచింది, చట్టం ఏం చేస్తాండె, మన దేశంలో ఏం జరిగింది, ఇప్పుడు కర్నూలు, అనంతపురం, కడప కాలేజీలకు శవాలు యాడనుంచి రావాల. తెలిసినోళ్లు వివరంగా రాయండి. దయ్యాల కథలు వద్దు.

హంద్రీ ఒడ్డు

చట్టంతోనే మొదలుపెడదాం. అసలు కిటుకు అక్కడే ఉంది.

ఇంగ్లండులో 1540లో ఎనిమిదో హెన్రీ రాజు మంగలి-శస్త్రవైద్యుల సంఘానికి ఏడాదికి నాలుగు ఉరి శవాలు ఇచ్చాడు. నాలుగంటే నాలుగే. 1752లో అమల్లోకి వచ్చిన హత్యల చట్టం ప్రకారం హంతకుణ్ని ఉరి తీశాక శవాన్ని పూడ్చకూడదు. కోతకు ఇవ్వాలి, లేదా గొలుసులతో కట్టి నలుగురికీ కనబడేలా వేలాడదీయాలి. చావు ఒక్కటే శిక్షగా చాలదని పైన వేసిన అదనపు శిక్ష అది. దీనివల్ల రెండు జరిగాయి. డాక్టర్లకు కొన్ని శవాలు దొరికాయి. శవాన్ని కోయించుకోవడమంటే హంతకుడికి పడే శిక్ష అని జనం మనసులో నాటుకుపోయింది. ఇక తమవాళ్ల శవాన్ని ఇష్టంగా ఎవరిస్తారు?

అవతల ప్రైవేటు అనాటమీ (శవం కోసి శరీర నిర్మాణం చదివే) బడులు పెరిగిపోయాయి. 1826లో లండన్‌లో 701 మంది విద్యార్థులు 592 శవాలు కోశారని 1828 పార్లమెంటు కమిటీ ముందు లెక్క వచ్చింది. ఉరికొయ్యలు అన్ని శవాలు ఇవ్వలేవు కదా.

ఇక కిటుకు. ఆంగ్ల న్యాయంలో శవం ఎవరి ఆస్తీ కాదు. ఆస్తి కానిదాన్ని ఎత్తుకుపోతే దొంగతనం కాదు, చిన్న నేరం. జరిమానా, కొన్నాళ్లు జైలు. కానీ శవానికి చుట్టిన గుడ్డ ఆస్తే! అది పోతే దొంగతనం కేసు, దేశాంతరం పంపే శిక్షలు పడే కాలం. అందుకే తెలివైన దొంగ శవాన్ని బత్తలగా బయటికి లాగి, గుడ్డను మళ్లీ పెట్టెలో పడేసి పూడ్చేవాడు.

దేవుని కడప

తవ్వే పద్ధతి రాస్తా. బొంద మొత్తం తవ్వరు, అంత టైం ఉండదు. తల ఉన్న వైపు మాత్రం పెట్టె మూత తగిలేదాకా నిలువు గుంత తీస్తారు. ఇనుప పార రాయికి తగిలితే చప్పుడని చెక్క పారలు వాడేవాళ్లు. మట్టిని పక్కనే గోనె మీద పోస్తారు, గడ్డి మీద ఆనవాలు మిగలకుండా. పెట్టె మూతలో తలవైపు మూడో వంతు బయటపడగానే కొక్కేలు తగిలించి పైకి గుంజుతారు. మిగతా మూత మీద మట్టి బరువు ఉంటుంది కాబట్టి చెక్క అడ్డంగా పటుక్కున విరుగుతుంది. ఆ చప్పుడు అణగడానికి పైన గోనెలు కప్పుతారు. చంకల కింద తాడు వేసి పైకి లాగి, గుడ్డ విప్పి లోపల పడేసి, మట్టి పూడ్చి, పైన పెట్టిన పూలూ గులకరాళ్లూ ఎట్లున్నవి అట్లనే సర్దుతారు. చేయి తిరిగిన ముఠాకు గంట పని.

చెడిపోయేది ఎక్కడంటే వెన్నెల. నిండు వెన్నెల రాత్రి పని బంద్. 1811–12లో ఒక లండన్ దొంగ రాసుకున్న డైరీ మిగిలింది. ఏ రాత్రి ఏ శ్మశానం, ఎన్ని పెద్దవి, ఎన్ని చిన్నవి, ఎవరికి అమ్మింది, ఎవరెవరు తాగి పనికి రాలేదు, అన్నీ అంగడి పద్దులాగా ఉంటాయి. పిల్లల శవాలకు 'చిన్నవి' అని పేరు, ధర అంగుళాల లెక్కన. 1820ల్లో పెద్ద శవం ఎనిమిది నుంచి పది గినీలు (ఆనాటి ఇంగ్లండు డబ్బు) పలికేది. పళ్లు విడిగా ఊడదీసి కట్టుడుపళ్ల పనివాళ్లకు అమ్మేవాళ్లు. శవం కుళ్లిపోయి ఎందుకూ పనికిరాకున్నా పళ్లతో ఆ రాత్రి కూలి గిట్టేది.

పెన్నేటి పాప

అన్నా, కంప సంగతి మర్చిపోయినావు. మన పక్క బొంద మీద తుమ్మ కంప కొట్టి రాళ్లు పేరుస్తారు, నక్కలూ కుక్కలూ తవ్వకుండా. స్కాట్లండ్‌లో పేదోళ్లు మట్టిలో కొమ్మలూ గడ్డీ కలిపి పూడ్చేవాళ్లంట, పారకు అడ్డం పడాలని. అక్కడ వచ్చే నక్కకు రెండు కాళ్లు, అంతే తేడా.

ఉన్నోళ్లకు వేరే దారులు ఉండేవా?

దేవుని కడప

ఉండేవి. 1818లో ఇనుప పెట్టెకు పేటెంటు తీసుకున్నారు. మూత లోపలి స్ప్రింగు పట్లు ఒకసారి పడితే బయటి నుంచి తెరవలేరు. స్కాట్లండ్‌లో బొంద మీద బిగించే ఇనుప పంజరాలు వచ్చాయి, కొన్ని ఇంకా చర్చి ఆవరణల్లో ఉన్నాయి. పంజరం శాశ్వతంగా అక్కర్లేదు. లోపలి శవం కోతకు పనికిరానంత కుళ్లితే చాలు, కొన్ని వారాలకు తీసి ఇంకో బొంద మీద బిగిస్తారు. ఊళ్లో చందాలు వేసుకుని కొని వంతులవారీగా వాడుకునేవాళ్లు. అబర్డీన్ దగ్గర ఉడ్నీ అనే ఊళ్లో గుండ్రటి రాతి గది కట్టి, లోపల తిరిగే చట్రం మీద ఏడు శవపేటికలు పట్టేలా ఏర్పాటు చేశారు. కొత్తది వచ్చినప్పుడల్లా చట్రం ఒక మెట్టు తిప్పుతారు. మొదటిది మళ్లీ తలుపు దగ్గరికి వచ్చేసరికి దొంగకు పనికిరాకుండా పోయి ఉంటుంది. 1832లో కట్టారు. అదే ఏడు వచ్చిన అనాటమీ చట్టంతో దాని అవసరమే తీరిపోయింది.

నల్లమల

అంత హడావుడి ఎందుకు? ఫార్మలిన్‌లో పెట్టుకుంటే నెలలకొద్దీ ఉంటుంది కదా.

ఎముకల మేడం

ఫార్మలిన్ అంటే ఫార్మాల్డిహైడ్ వాయువు కలిపిన నీళ్లు, అప్పుడు లేదండీ. ఫార్మాల్డిహైడ్‌కు కణజాలాన్ని గట్టిపరిచి నిలిపే గుణం ఉందని బయటపడింది 1893లో, ఫెర్డినాండ్ బ్లూమ్ చేతిలో. అంతకుముందు సారాయి, ఉప్పు, పాదరసం, ఆర్సెనిక్ లవణాలు. ముక్కల వరకు పనిచేసేవి, మొత్తం శరీరానికి ఖర్చు భరించలేరు.

అందుకే అనాటమీ చదువు శీతకాలపు చదువు. అక్టోబరులో మొదలై వసంతానికి ముగిసేది. కోసే వరుసను కూడా కుళ్లే తీరే నిర్ణయించింది. ముందు పొట్ట, ఎందుకంటే పేగుల్లోని సూక్ష్మజీవులు లోపలి నుంచే పని మొదలుపెడతాయి. తర్వాత ఛాతీ, తర్వాత తల, చివర కాళ్లూ చేతులూ. 1315 ప్రాంతంలో ఇటలీలోని బొలోన్యాలో అనాటమీ గురువు మొండీనో పాటించిన క్రమం అదే. ఇప్పుడు మన కాలేజీల్లో చెయ్యితో మొదలుపెట్టగలుగుతున్నారంటే అది ఫార్మలిన్ పుణ్యం.

ఒక్క శవం కొద్ది రోజులకే పనికిరాకుండా పోతుంది కాబట్టి చాలామందికి కలిపి ఒకటి చాలదు. ఇప్పుడు పది పదిహేను మంది ఒక బల్ల చుట్టూ ఏడాదంతా చదువుతారు. అప్పుడు దాదాపు తలకొకటి లెక్కన కావాల్సి వచ్చింది. ధర పెరగడానికి దొంగల దురాశ కంటే ఇదే పెద్ద కారణం.

గుత్తికోట

రవాణా ఎట్ల చేసినారు మేడం? లండన్ నుంచి ఎడిన్‌బరోకు చానా దూరం కదా.

హంద్రీ ఒడ్డు

పీపాల్లో. 1826 అక్టోబరులో లివర్‌పూల్ రేవులో లీత్‌కు (ఎడిన్‌బరో పక్క రేవు) పోయే ఓడకు ఎక్కించాల్సిన పీపాల నుంచి కంపు వచ్చింది. పైన 'చేదు ఉప్పు' అని చీటీ. విప్పితే ఉప్పులో కూరిన 11 శవాలు. ఎక్కడివని ఆరా తీస్తే హోప్ వీధిలో ఒక ఇంటి కింది గదిలో ఇంకో 22. ఆ ఇల్లు ఒక పాదిరీది, కింది గది అద్దెకిచ్చాడు.

కడప కుర్రోడు

బర్క్, హేర్ అనే ఇద్దరు సమాధుల దొంగలే కదా వీళ్లందరికీ నాయకులు?

హంద్రీ ఒడ్డు

కాదు బాబూ. వాళ్లిద్దరూ ఒక్క బొంద కూడా తవ్వలేదు. తవ్వే శ్రమే దండగనుకున్నారు.

1827 నవంబరులో ఎడిన్‌బరోలో హేర్ నడిపే పూటకూళ్ల ఇంట్లో ఒక ముసలి పింఛను సిపాయి జబ్బుతో చనిపోయాడు. హేర్‌కు నాలుగు పౌండ్ల బాకీ. శవపేటికలో తోళ్లకు వాడే చెక్క బెరడు నింపి పూడ్పించి, శవాన్ని డాక్టర్ రాబర్ట్ నాక్స్ బడికి ఏడు పౌండ్ల పది షిల్లింగులకు అమ్మారు. బాకీ తీరింది, పైన మిగిలింది. తర్వాతి ఏడాదిలోగా 16 మందిని చంపి అక్కడే అమ్మారు. బాగా తాగించి, ఒకడు ఛాతీ మీద బరువు వేస్తాడు, ఇంకొకడు ముక్కూ నోరూ మూస్తాడు. గాయం ఉండదు. పైగా బొంద నుంచి వచ్చిన శవం కంటే తాజాది, కాబట్టి ఎక్కువ ధర. చివరి శవాన్ని పరీక్షించిన నిపుణుడు క్రిస్టిసన్‌కే అనుమానం తప్ప రుజువు దొరకలేదు.

నాక్స్ సంగతి చూడండి. జేమీ అనే మతి స్తిమితం లేని కుర్రాడు వీధుల్లో అందరికీ తెలిసినవాడు, పాదం వంకర. బల్ల మీద చూసి విద్యార్థులు గుర్తుపట్టారు. నాక్స్ కాదన్నాడు. కానీ వరుస తప్పించి ఆ శవాన్నే ముందు కోయించాడని, తలా పాదాలూ ముందే తీయించాడని చెప్తారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆయన మీద మాత్రం కేసే పెట్టలేదు.

హేర్ సాక్షిగా మారి బయటపడ్డాడు. బర్క్‌ను 1829 జనవరి 28న ఉరి తీసి, చట్టప్రకారం కోశారు. అతని అస్థిపంజరం ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం అనాటమీ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

తుమ్మచెట్టు

దొంగలను తిట్టేది సరే. సర్ ఆస్ట్లీ కూపర్, రాజులకు వైద్యం చేసినోడు, పార్లమెంటు కమిటీ ముందే చెప్పినాడు. ఎంత గొప్ప మనిషైనా సరే, ఆయన శవాన్ని నేను కోయాలనుకుంటే తెప్పించుకోలేనంటూ ఉండదని. అది ఒప్పుకోలు కాదు, బెదిరింపు. మీరు చట్టం చేయకపోతే మీ ఇంటి శవానికీ ఇదే గతి అని. వెంటనే ఉన్నోళ్లు కదిలినారు. 1832 అనాటమీ చట్టం ఏం చేసింది? దొంగల బదులు పేదోళ్ల మీదికి తిప్పింది.

హంద్రీ ఒడ్డు

ఆ చట్టం మాటలు జాగ్రత్తగా చూడాలి. 'పేదల శవాలు' అని ఎక్కడా లేదు. శవం ఎవరి స్వాధీనంలో చట్టబద్ధంగా ఉందో వాళ్లు కోతకు అనుమతి ఇవ్వవచ్చు. బతికుండగా ఆ మనిషి రాసి గానీ, చివరి జబ్బులో ఇద్దరు సాక్షుల ఎదుట నోటితో గానీ వద్దని ఉంటే, లేదా దగ్గరి బంధువు కోరితే ఇవ్వకూడదు. చచ్చిన 48 గంటల దాకా తరలించకూడదు. ఆరు వారాల్లో పూడ్చిన ధ్రువపత్రం ఇవ్వాలి. హంతకుల శవాల కోత రద్దు.

వినడానికి బాగుంది. ఆచరణలో 'స్వాధీనంలో ఉన్నవాడు' అంటే అనాథ గంజికేంద్రం అధికారి. చదువు రాని ముసలి మనిషి జబ్బు మంచం మీద ఇద్దరు సాక్షులను ఎక్కడ తెస్తాడు? నిన్నటిదాకా హంతకుడికి వేసిన శిక్ష ఇవాళ అనాథకు వచ్చింది. తుమ్మచెట్టు గారి కోపం సరైనదే. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి, తవ్వకాలూ హత్యలూ ఆగింది కూడా ఆ చట్టంతోనే. లండన్‌లో బిషప్, విలియమ్స్ ఇద్దరినీ ఇదే రకం హత్యకు 1831 డిసెంబరులో ఉరి తీశారు. అదే నెల అబర్డీన్‌లో జనం అనాటమీ శాలను తగలబెట్టారు.

1832 జూన్‌లో తత్వవేత్త జెరెమీ బెంథమ్ తన శరీరాన్ని కోతకు రాసిచ్చి చనిపోయాడు. గొప్పవాళ్లు ఇస్తే జనం భయం పోతుందని ఆయన ఆలోచన. అస్థిపంజరానికి బట్టలు తొడిగి కూర్చోబెట్టారు, లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఉంది. ఆయన దారిలో పెద్దగా ఎవరూ నడవలేదు.

పెన్నేటి పాప

అమెరికాలో కూడా పెద్దింటోళ్ల శవం పోయినప్పుడే కదిలినారు. అధ్యక్షుడు విలియం హెన్రీ హారిసన్ కొడుకు జాన్ స్కాట్ హారిసన్ 1878లో పోతే, కొడుకులు బొంద మీద సిమెంటు, రాళ్లు వేయించినారు. రోజులు తిరక్కముందే ఒహాయో మెడికల్ కాలేజీలో ఇంకెవరిదో శవం వెతుకుతుంటే తాడుకు వేలాడుతున్న తండ్రి దొరికినాడు. బానిసల బొందలు ఎన్నేళ్లు తవ్వినా ఎవురూ అడగలేదు. జార్జియా మెడికల్ కాలేజీ 1852లో గ్రాండిసన్ హారిస్ అనే బానిసను ఈ పని కోసమే కొనింది. 1989లో ఆ పాత భవనం నేల కింద ఎముకలు కుప్పలుగా బయటపడినాయి.

నల్లమల

మన దేశం సంగతి? సుశ్రుతుడు కోయలేదా?

ఎముకల మేడం

కోయలేదు, గీకాడు. సుశ్రుత సంహిత శారీరస్థానం ఐదో అధ్యాయంలో పద్ధతి స్పష్టంగా ఉంది. శవం అవయవాలన్నీ సక్రమంగా ఉన్నదై ఉండాలి. విషంతో చనిపోయి ఉండకూడదు, దీర్ఘరోగి కాకూడదు, నూరేళ్ల వృద్ధుడు కాకూడదు. పేగుల్లోని మలం తీసేయాలి. ముంజగడ్డి, నార, దర్భ, జనుములో ఏదో ఒకదానితో ఒళ్లంతా చుట్టి, పంజరంలో పెట్టి, పారే ఏటిలో మరుగు చోట కట్టి నానబెట్టాలి. ఏడు రాత్రుల తర్వాత తీసి వట్టివేరు, వెంట్రుకలు, వెదురు లాంటి వాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ చర్మం నుంచి లోపలికి పొర వెనక పొర కళ్లతో చూడాలి. కత్తి మాటే లేదు. చేపలు తినకుండా పంజరం, కొట్టుకుపోకుండా కట్టు, మెత్తబడేదాకా ఏడు రాత్రులు. ప్రతిదానికీ కారణం కనిపిస్తుంది. ఇందులో పోయేది ఏమిటంటే సన్నటి నరాలూ రక్తనాళాలూ. అవి ఈ రుద్దుడుకు నిలవవు.

తర్వాత శతాబ్దాలు ఈ పని మరుగున పడింది. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవపరిచ్ఛేదం చేసి ఆ తలుపు తెరిచాడు.

తుమ్మచెట్టు

ఆ కలకత్తా నుంచే ఎముకల ఎగుమతి నడిచింది, అది కూడా రాయండి. పశ్చిమ దేశాల వైద్య విద్యార్థుల బీరువాల్లో ఉన్న అస్థిపంజరాల్లో ఎక్కువ మన దేశానివే. 1985లో కేంద్రం ఎగుమతి నిషేధించింది. నిషేధం తర్వాత కూడా ఆగలేదు, 2007లో బర్ధమాన్ జిల్లా పూర్బస్థలిలో పోలీసులు ఎముకల కార్ఖానా పట్టుకున్నారు.

అక్కడి పద్ధతి వినండి మేడం. శవాన్ని దోమతెరలో చుట్టి నదిలో కట్టి వారం వదిలేస్తారు. తర్వాత ఎముకలు గీకి, కాస్టిక్ సోడా నీళ్లలో ఉడకబెట్టి, ఎండబెట్టి, చివర హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి తెల్లగా చేస్తారు. సుశ్రుతుడి ఏడు రాత్రులే! ఇక్కడ గుట్టుగా పెట్టింది పోలీసుల భయంతో.

ఎముకల మేడం

నిజమే. సోడా ఎక్కువైతే ఎముక పైపొర సుద్దలా రాలుతుంది. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంటే సున్నం కరిగి మణికట్టు చిన్న ఎముకల అంచులు పోతాయి. పాత బోన్ సెట్లలో కొన్ని మరీ తెల్లగా, తేలిగ్గా ఉండడానికి కారణం అదే.

వేదిక నిర్వాహకుడు

ఫొటోలు పెట్టకండి, రెండు తొలగించాను. బతికున్నవాళ్ల పేర్లు, ఫలానా కాలేజీలో ఫలానా జరిగిందట అనే మాటలు కూడా వద్దు.

గుత్తికోట

ఇప్పటి సంగతికి వద్దాం. అనంతపురం కాలేజీ 2000లో, కడప రిమ్స్ 2006లో వచ్చినాయి, కర్నూలు అంతకు ఎంతో ముందుది. గుంతకల్లు పక్క రైలు పట్టాల మీద దొరికే అనాథ శవాలు ఎన్నో ఉంటాయి కదా. అవి కాలేజీకి ఇస్తే చాలదా?

ఎముకల మేడం

చాలదు. పట్టాల మీద మరణం అనుమానాస్పదం. నేర విచారణ చట్టం (పాత సీఆర్‌పీసీ 174, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 194) కింద పంచనామా, ఆపైన పోస్టుమార్టం. పోస్టుమార్టంలో పుర్రె రంపంతో తెరుస్తారు, ఛాతీ పొట్ట తెరిచి అవయవాలు బయటికి తీస్తారు, పెద్ద రక్తనాళాలు తెగుతాయి. ఎంబామింగ్ (శవం కుళ్లకుండా మందు ఎక్కించడం) రక్తనాళాల గుండానే జరగాలి. చిల్లుపడ్డ గొట్టంలో నీళ్లు ఎక్కించినట్టు ద్రవమంతా పొట్టలోకి కారిపోతుంది.

మామూలుగా ఇలా చేస్తారు. తొడ మొదట్లో, గజ్జల మడత మధ్య భాగం కింద, తొడ ధమనిని బయటికి తీసి గొట్టం తలవైపుకు పెట్టి, ద్రవం డబ్బాను ఐదారు అడుగుల ఎత్తున వేలాడదీస్తారు. పెద్ద మనిషికి ఎనిమిది నుంచి పది లీటర్లు పడుతుంది. అందులో ఫార్మలిన్ లీటరు నుంచి రెండు లీటర్లు. ఎండిపోకుండా గ్లిజరిన్, బూజు పట్టకుండా ఫినాల్ లేదా థైమాల్, కొంత స్పిరిట్, మిగతాది నీళ్లు. కొలతలు కాలేజీకో తీరు. తర్వాత గొట్టం పాదం వైపు తిప్పి ఆ కాలికి ఎక్కిస్తారు. నుదుటి మీద రక్తనాళాలు ఉబ్బడం, వేళ్లు బిగుసుకోవడం చూసి ద్రవం చేరిందని గుర్తిస్తారు. గడ్డకట్టిన రక్తం అడ్డుపడితే ఆ చెయ్యో కాలో మెత్తగానే ఉండిపోతుంది. అక్కడ పెద్ద సిరంజితో విడిగా పొడవాలి. తొందరపడి పంపుతో వేగంగా నెడితే ముఖం ఉబ్బి ఆనవాలు పోతుంది. కణజాలం నీరుపట్టి, కోసేటప్పుడు పొరలు విడిపోవు.

ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. గాలి బరువు కంటే ఆవిరి కాస్త ఎక్కువ బరువు కాబట్టి గాలి తీసే ఫ్యాన్లు పైకప్పు దగ్గర కాదు, బల్ల ఎత్తుకు దిగువన ఉండాలి. చాలా హాళ్లలో పైనే ఉంటాయి, కళ్లు మండుతుంటాయి.

కడప కుర్రోడు

ఇంత తంటా ఎందుకు, శరీరాన్ని తెర మీదే కోసి చూపే కంప్యూటర్ బల్లలు వచ్చాయి కదా?

తుమ్మచెట్టు

వాటికి దారి వేసిన 'విజిబుల్ హ్యూమన్' శరీరం ఎవరిదో తెలుసా? 1993లో టెక్సస్‌లో మరణశిక్ష అమలైన ఖైదీది. గడ్డకట్టించి మిల్లీమీటరు మందాన 1,871 పొరలుగా అరగదీసి ఫొటోలు తీసినారు. అతను శరీరం ఇస్తానని సంతకం పెట్టినాడు, దేనికో తెలీకుండా. ఇక అందమైన బొమ్మలకు పేరుపడ్డ అనాటమీ పుస్తకం, పెర్న్‌కాఫ్ అట్లాస్ తీసుకోండి. నాజీల కాలంలో వియన్నా అనాటమీ సంస్థకు ఉరి, శిరచ్ఛేదం పడిన వాళ్ల శవాలు కనీసం 1,377 వచ్చినాయని ఆ విశ్వవిద్యాలయమే 1998లో తేల్చింది. కంప్యూటరైనా కాగితమైనా వెనక ఒక శవం ఉంటుంది.

పెన్నేటి పాప

అయితే మిగిలింది దేహదానమే. సీతారాం ఏచూరి శరీరాన్ని 2024 సెప్టెంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చినారు. మన దగ్గర ఇవ్వాలంటే ఏం చేయాల? ఎక్కడ ఆగిపోతుంది?

ఎముకల మేడం

అనాటమీ విభాగంలోనే ఫారం ఇస్తారు. ఇద్దరు సాక్షులు, అందులో దగ్గరి రక్తసంబంధీకులు ఉంటే మంచిది. ఫారం ఉన్నా మరణం తర్వాత శవాన్ని అప్పగించేది వారసులే. ఒక్క కొడుకు అడ్డం తిరిగినా కాలేజీ వెనక్కి తగ్గుతుంది, పోట్లాడి తీసుకోదు. కాబట్టి బీరువాలో దాచిన ఫారం కంటే ఇంట్లో అందరికీ చెప్పడం ముఖ్యం.

మరణం జరిగితే ముందు డాక్టరు ధ్రువపత్రం, తర్వాత విభాగానికి ఫోను. మన మే నెల ఎండల్లో అయితే ఆరేడు గంటల్లో చేర్చాలి. కుదరకపోతే ఫ్రీజర్ బాక్సు, మామూలు ఐసు గడ్డలు పైన పేరిస్తే పొట్ట కుళ్లడం ఆగదు. పోస్టుమార్టం అయినవి, కాలినవి, హెచ్ఐవీ, కామెర్ల బీ, సీ రకాలు, ముదిరిన క్షయ ఉన్నవి తీసుకోరు. కళ్లు ఆరు గంటల్లోపు తీయించి తర్వాత దేహం ఇవ్వొచ్చు, దానికి అభ్యంతరం ఉండదు. కర్మకాండలకు శవం తిరిగి ఇవ్వరు, కనుక ఇంటి దగ్గర జరిపించాల్సినవి ముందే జరిపించి పంపండి.

గుత్తికోట

ఆదివారం, పండగ రోజు పోతే మేడం?

ఎముకల మేడం

విభాగం మూసి ఉంటుంది. పెద్దాసుపత్రి మార్చురీకి చేర్చి, డ్యూటీ డాక్టరుకు దేహదానం కాగితం చూపించి, 'పోస్టుమార్టం కేసు కాదు' అని రిజిస్టరులో రాయించండి. ఆ ఒక్క మాట లేక పొరపాటున పోస్టుమార్టం టేబుల్ మీదికి పోతే దానం అక్కడితో సరి.